డిమెన్షియా పరిశోధనలో, ఆరోగ్య విధానంలో ముందుండి నడిపించాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. హైదరాబాద్‌లో సైకియాట్రీ పీజీ చేస్తున్నారు, ఇంకా థీసిస్ టాపిక్ ఖరారు కాలేదు. ఇంట్లో అమ్మమ్మగారికి డిమెన్షియా, అంటే జ్ఞాపకశక్తి, ఆలోచన క్రమంగా దెబ్బతినే జబ్బు. ఈ జబ్బు మీద పరిశోధన చేసి, ప్రభుత్వం దీన్ని పట్టించుకునేలా చేసే స్థాయికి ఎదగాలని ఉంది. ల్యాబ్ వైపు వెళ్లాలా, పబ్లిక్ హెల్త్ వైపా? విదేశాలకు వెళ్లక తప్పదా? అసలు ఈ రంగంలో లీడర్‌షిప్ అంటే ఏమిటి?

నేను చాలా ఏళ్లుగా వృద్ధుల మానసిక వైద్యంలో ఉన్నాను. కోస్తాలో ఒక జిల్లా కేంద్రంలో మెమరీ క్లినిక్ నడుపుతున్నాను. ఆరోగ్య శాఖ సమావేశాలకు పిలిస్తే వెళ్తుంటాను, పిలవకపోయినా ఫైలు పట్టుకుని వెళ్లిన సందర్భాలూ ఉన్నాయి. ఆ అనుభవంతో చెప్తున్నాను.

సూటిగా జవాబు: డిమెన్షియా విషయంలో ప్రభుత్వాలను కదిలించింది ఎక్కువగా మందు కనిపెట్టినవాళ్లు కాదు. ఎవరి లెక్కలోకీ రాని రోగులను లెక్కలోకి తెచ్చినవాళ్లు, వాళ్లను చూసుకునే కుటుంబాలను కూడగట్టినవాళ్లు, నడుస్తున్న ఏదో ఒక పథకంలో ఈ జబ్బుకు చోటూ నిధులూ ఇప్పించినవాళ్లు. ఈ మూడూ ఒక్కరే చేయనక్కర్లేదు. కానీ మూడింటినీ ఒక చోటికి చేర్చే మనిషి ఒకరు ఉండాలి. ఆ పని చేసేవాళ్లనే నేను ఈ రంగంలో లీడర్ అంటాను. మీరు మొదలుపెట్టాల్సింది ఇక్కడే, మన రోగుల దగ్గర, తెలుగులో. విదేశాలకు వెళ్లండి, మంచిదే, పద్ధతులు నేర్చుకోవడానికి. ప్రశ్న మాత్రం ఇక్కడి నుంచే తీసుకెళ్లండి.

ఎందుకలా అంటున్నానో చెప్తాను.

డిమెన్షియాకు ఎక్కువగా కారణమయ్యేది అల్జీమర్స్. 1970ల వరకు అమెరికాలో కూడా అల్జీమర్స్ అంటే అరవై ఐదేళ్లలోపు వాళ్లకు వచ్చే అరుదైన జబ్బు అనుకునేవారు. డెబ్బై దాటినవాళ్లకు మతి పోతే వయసు పైబడింది అని వదిలేసేవారు. 1976లో రాబర్ట్ కాట్జ్‌మన్ అనే న్యూరాలజిస్టు ఒక చిన్న సంపాదకీయం రాశాడు. ఈ రెండూ ఒకే జబ్బు, అలా లెక్కేస్తే దేశంలో మరణాలకు ముఖ్య కారణాల్లో ఇదొకటి అవుతుంది అని అందులో వాదించాడు. కొత్త ప్రయోగమేమీ లేదు, లెక్క మారిందంతే. అప్పుడే కొత్తగా ఏర్పడిన నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆన్ ఏజింగ్‌కు మొదటి డైరెక్టరుగా ఉన్న రాబర్ట్ బట్లర్ అల్జీమర్స్‌ను తన సంస్థకు ప్రధానమైన పనిగా తీసుకున్నాడు. ఆ దశాబ్దం చివరికల్లా కుటుంబాలన్నీ కలిసి ఒక సంఘం పెట్టుకున్నాయి. 1984లో ప్రభుత్వ నిధులతో పరిశోధన కేంద్రాలు మొదలయ్యాయి. ఈ జబ్బుకు అక్కడ అనుమతి పొందిన మొదటి మందు టాక్రిన్ వచ్చింది 1993లో. మందు కంటే విధానమే ముందొచ్చిందన్న సంగతి గుర్తుపెట్టుకోండి, ముందు ముందు మీకు పనికొస్తుంది.

మన దేశంలో ఈ పని కేరళలో మొదలైంది. జేకబ్ రాయ్ గారు పిల్లల డాక్టరు. తండ్రికి అల్జీమర్స్ రావడంతో ఇటు తిరిగారు. 1992లో అల్జీమర్స్ అండ్ రిలేటెడ్ డిజార్డర్స్ సొసైటీ ఆఫ్ ఇండియా స్థాపించారు. అందరూ ఏఆర్‌డీఎస్ఐ అంటారు, హైదరాబాద్‌లోనూ శాఖ ఉంది. తర్వాత ఆయన అంతర్జాతీయ అల్జీమర్స్ సమాఖ్యకు అధ్యక్షుడు కూడా అయ్యారు. న్యూరాలజీలో గానీ సైకియాట్రీలో గానీ పేరున్న ప్రొఫెసరు కాదు, అయినా దేశంలో ఈ జబ్బుకు గొంతునిచ్చింది ఆయనే.

1998లో కొచ్చిలో జరిగిన ఒక సమావేశంలో 10/66 డిమెన్షియా రిసెర్చ్ గ్రూప్ పుట్టింది. లండన్‌కు చెందిన మార్టిన్ ప్రిన్స్ దానికి నాయకత్వం వహించాడు. డిమెన్షియా ఉన్నవాళ్లలో 66 శాతం మంది అభివృద్ధి చెందుతున్న దేశాల్లో ఉంటే, జనాభా స్థాయి పరిశోధనలో 10 శాతం కూడా వాళ్ల మీద జరగడం లేదని అప్పటి లెక్క. ఆ పేరుకు అర్థం అదే. మన దగ్గర చెన్నై, వెల్లూరుల్లో సర్వే చేశారు.

ఆ సర్వే ఫలితం గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మీ కెరీర్‌కు అసలు పాఠం అందులోనే ఉంది. 2008లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. మానసిక వ్యాధుల నిర్ధారణకు వాడే అమెరికన్ డీఎస్ఎమ్-4 ప్రమాణాలతో చూస్తే భారత గ్రామీణ ప్రాంతంలో అరవై ఐదు దాటినవాళ్లలో డిమెన్షియా 0.3 శాతం మాత్రమే. అదే ప్రమాణంతో క్యూబాలో 6.3 శాతం. ఈ దేశాల కోసమే తయారుచేసి సరిచూసుకున్న 10/66 పద్ధతితో అవే ఊళ్లలో, అవే మనుషుల్ని చూస్తే, సర్వే చేసిన అన్ని దేశాల్లోనూ 5.6 నుంచి 11.7 శాతం మధ్య తేలింది. మొదటి అంకెను పట్టుకుని ఎవరైనా మంత్రి దగ్గరికి వెళ్తే, మన పల్లెల్లో ఈ సమస్యే లేదని ఆయన నమ్మేవాడు.

ఇంత తేడా ఎలా వచ్చిందో నా క్లినిక్‌లో ప్రతి వారం చూస్తుంటాను. డెల్టా పల్లె నుంచి ఒక పెద్దావిడను కొడుకు, కోడలు తీసుకొచ్చారు. జీవితమంతా సంతలో కూరగాయలు అమ్మిన మనిషి. గదిలోకి రాగానే నన్ను చూసి, "బాగున్నావా బాబూ, పిల్లలు బాగున్నారా?" అని అడిగింది. నా జూనియర్ అది విని, బాగానే ఉన్నారే అనుకుంది. పొద్దున ఏం తిన్నారమ్మా అంటే, "ఏదో తిన్నాంలే నాయనా, ఈ వయసులో ఏం తింటాం" అంది. చేతికి వంద నోటు ఇచ్చి, ముప్పై ఐదు రూపాయల వంకాయలు కొంటే ఎంత తిరిగివ్వాలి అన్నాను. నోటును నాలుగు మడతలు పెట్టి చెంగున ముడేసుకుంది. లెక్క అడిగితే, "నువ్వే చెప్పు నాయనా, చదువుకున్నోడివి" అని నవ్వింది. ముప్పై ఏళ్లు నోటిలెక్కతో బేరమాడిన మనిషి ఆవిడ.

రోజువారీ పనులు ఎలా చేసుకుంటోంది అని కోడల్ని అడిగాను. "ఇబ్బందేం లేదు సార్" అంది. కాసేపు ఆగి మళ్లీ విడమరిచి అడిగితే అప్పుడు చెప్పింది. నీళ్లు తోడి పెట్టేది తనే, చీర కట్టేది తనే, ముద్దలు కలిపి పెట్టేది తనే, రాత్రి గుమ్మానికి అడ్డంగా పడుకునేది కూడా తనే. "అన్నీ నేనే చేస్తుంటే ఆవిడ చేసుకోవాల్సింది ఏముంది సార్" అంది. పనులు చేసుకోలేకపోతోందా అని ఫారంలో ఉన్న గడికి ఆ ఇంటి నుంచి వచ్చిన మొదటి జవాబు "లేదు". 0.3 శాతం అలా వస్తుంది. ఆ కోడలి చాకిరీ జబ్బును దాచేసింది, జబ్బుతో పాటు ఆ చాకిరీ కూడా లెక్కలోకి రాకుండా పోయింది.

అందుకే కొలిచే సాధనం దగ్గర మొదలుపెట్టమంటున్నాను. పుస్తకాల్లో నేర్పే ఎంఎంఎస్‌ఈ అనే జ్ఞాపకశక్తి పరీక్షలో వాక్యం రాయమంటాం, ఐదు కోణాల బొమ్మ గీయమంటాం, తేదీ అడుగుతాం. పలక పట్టని మనిషి ఆ పరీక్షలో తప్పితే, తప్పు మెదడుదా, బడికి వెళ్లకపోవడానిదా? ఈ చిక్కును 1990లలోనే హర్యానాలోని బల్లభ్‌గఢ్‌లో మేరీ గంగూలీ బృందం పట్టించుకుంది. చదువురానివాళ్లకు పనికొచ్చేలా హిందీలో ఆ పరీక్షను మళ్లీ తయారుచేశారు. తెలుగులో ఈ పనికి ఆధారం హైదరాబాద్ నిమ్స్. అక్కడ న్యూరాలజిస్టుగా పనిచేసిన సువర్ణ అల్లాడి గారు, ఆమె సహచరులు జ్ఞాపకశక్తి, ఆలోచనలను చూసే అడెన్‌బ్రూక్స్ పరీక్షను తెలుగులోకి తెచ్చారు. తర్వాత భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) ఐదు భాషల్లో న్యూరో కాగ్నిటివ్ టూల్ బాక్స్, అంటే ఇలాంటి పరీక్షల సమితి, తయారు చేయించింది. హిందీ, బెంగాలీ, కన్నడ, మలయాళంతో పాటు తెలుగు కూడా అందులో ఉంది. ఇవి మీ చేతికి అందే దూరంలో ఉన్నాయి.

సువర్ణ గారి బృందం 2013లో ప్రచురించిన అధ్యయనం మీకు తెలిసే ఉంటుంది. నిమ్స్ క్లినిక్‌కు వచ్చిన 648 మంది డిమెన్షియా రోగుల్లో, రెండు లేదా అంతకంటే ఎక్కువ భాషలు మాట్లాడేవాళ్లకు జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైంది. చదువు రానివాళ్లలోనూ ఆ తేడా కనిపించింది. ఇలాంటి అధ్యయనం అంతకుముందు కెనడాలో జరిగింది. కానీ అక్కడ రెండు భాషలవాళ్లలో చాలామంది వలస వచ్చినవాళ్లు కావడంతో, తేడా భాష వల్ల వచ్చిందా వలస వల్లా అన్నది తేల్చడం కష్టమైంది. తెలుగూ ఉర్దూ కలగలిసి మాట్లాడే హైదరాబాద్‌లో ఆ చిక్కు లేదు. మన ఊరి జనజీవితం వల్లే ప్రపంచం అడుగుతున్న ప్రశ్నకు ఇక్కడ మెరుగైన జవాబు దొరికింది. ఇక్కడుండి చేసేది రెండో రకం పరిశోధన అని ఎవరైనా అంటే ఈ పేపరు చూపించండి. ఇది క్లినిక్‌కు వచ్చినవాళ్ల అధ్యయనం, ఊరి జనాభా మొత్తానిది కాదు. కాబట్టి ఇంకో భాష నేర్చుకుంటే జబ్బు రాదు అని రోగులకు చెప్పకండి.

ఇక లెక్కల సంగతి. 2010లో ఏఆర్‌డీఎస్ఐ వెలువరించిన డిమెన్షియా ఇండియా రిపోర్టు దేశంలో 37 లక్షల మంది ఉన్నారని అంచనా వేసింది. తర్వాత ఎల్ఏఎస్ఐ-డ్యాడ్ అనే జాతీయ అధ్యయనం వచ్చింది. దాని ప్రకారం అరవై దాటినవాళ్లలో 7.4 శాతం, అంటే దాదాపు 88 లక్షల మంది. ఆడవాళ్లలో, పల్లెల్లో ఎక్కువ. ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి జబ్బు రెట్టింపు దాటిందని రాసేవాళ్లున్నారు. ఆ పని మీరు చేయొద్దు. పద్ధతులు వేరు. అంకె పెద్దదిగా ఉంటే పని త్వరగా అవుతుందనిపిస్తుంది గానీ, ఎవరో ఒక స్టాటిస్టీషియన్ లేచి ఒక్క ప్రశ్న వేస్తే మీ మాటకు ఆ గదిలో విలువ పోతుంది.

లెక్క చేతికొచ్చాక దాన్ని ఎవరికివ్వాలి? ఇది కాలేజీలో ఎవరూ నేర్పరు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో డిమెన్షియాపై ప్రపంచ కార్యాచరణ ప్రణాళికను ఆమోదించింది. అప్పుడు ఆ సంస్థలో మానసిక ఆరోగ్య విభాగానికి డైరెక్టరు మన దేశం నుంచి వెళ్లిన శేఖర్ సక్సేనా గారు. 2025 నాటికి 75 శాతం దేశాలకు సొంత ప్రణాళిక ఉండాలన్నది అందులో మొదటి లక్ష్యం. అది నెరవేరలేదు, గడువును 2031 వరకు పొడిగించారు. మనకు డిమెన్షియా కోసం ప్రత్యేకంగా జాతీయ ప్రణాళిక లేదు. రాష్ట్రాల్లో కేరళ 2014లోనే ముందడుగు వేసింది. అక్కడ అప్పటికి రెండు దశాబ్దాలుగా ఏఆర్‌డీఎస్ఐ పనిచేస్తోంది, త్రిస్సూర్‌లో కె.ఎస్. షాజీ గారి పరిశోధన ఉంది. షాజీ గారి బృందం అంగన్‌వాడీ కార్యకర్తలకు కొద్ది గంటల శిక్షణ ఇచ్చి, ఊళ్లో ఎవరికి డిమెన్షియా ఉండొచ్చో గుర్తించమంది. వాళ్లు చూపించినవాళ్లలో సుమారు మూడింట రెండొంతుల మందికి డాక్టర్ల పరీక్షలోనూ అదే నిజమని తేలింది. స్కాన్ లేదు, ల్యాబ్ లేదు. గోవాలో అమిత్ డయాస్ గారు 81 కుటుంబాలతో రాండమైజ్డ్ ట్రయల్ చేశారు. మామూలు చదువున్న స్థానికులకు శిక్షణ ఇచ్చి ఇళ్లకు పంపి, చూసుకునేవాళ్లకు సలహా, ఊరట ఇప్పించారు. సంరక్షకుల మానసిక ఆరోగ్యం మెరుగైంది. ప్రభుత్వ అధికారి ముందు పెట్టడానికి నాకు ఈ రెండింటికంటే మంచి అధ్యయనాలు కనిపించలేదు. వాటిలో ఉన్న మనుషులు, అంగన్‌వాడీ, ఆశా, ఏఎన్‌ఎం, ఆ అధికారి కింద ఇప్పటికే పనిచేస్తున్నవాళ్లే.

ఒక విషయం చాలామంది డాక్టర్లకే తెలియదు. బీపీ, షుగర్ లాంటి జబ్బుల కోసం నడిచే ఎన్‌సీడీ కార్యక్రమంలో ఆశా వర్కర్ ఇంటింటికీ తీసుకెళ్లే సీబ్యాక్ ఫారం ఉంటుంది కదా, అందులో అరవై దాటినవాళ్ల కోసం కొన్ని ప్రశ్నలున్నాయి. ఒకటి, దగ్గరివాళ్ల పేర్లు గానీ సొంత ఇంటి అడ్రసు గానీ మర్చిపోతున్నారా అని. అంటే డిమెన్షియాను వెతికే ప్రశ్న మన ప్రభుత్వ ఫారంలో ఇప్పటికే ఉంది! అవును అని టిక్ పెట్టాక ఏమవుతుంది? నేను మాట్లాడిన ఆశా వర్కర్లలో చాలామంది, "పీహెచ్‌సీకి పంపుతాం సార్, అక్కడ బీపీ చూసి పంపించేస్తారు" అన్నారు. మెడికల్ ఆఫీసర్‌కు తర్వాత ఏం చేయాలో ఎవరూ చెప్పలేదు. కొత్త పథకం కోసం పోరాడే ముందు ఈ టిక్కుకు, పరీక్షకు మధ్య దారి వేయండి. బీ12, థైరాయిడ్ పరీక్షలు, డిప్రెషన్ ఉందేమో చూడటం, వాడుతున్న నిద్రమాత్రలు ఏమిటో అడగడం, జిల్లా ఆసుపత్రికి ఒక రిఫరల్ రోజు. ఇంతే చాలు. ఆ అడ్రసు మర్చిపోయినవాళ్లలో కొందరు బీ12 విటమిన్ లోపం సరిచేస్తేనే తేరుకుంటారు.

ఒకసారి మేం ఒక జిల్లాలో మెడికల్ ఆఫీసర్లకు డిమెన్షియా శిక్షణ ఇస్తామని ప్రతిపాదన పెట్టాం. "ఇది ఏ ప్రోగ్రాం కిందికి వస్తుంది?" అన్న ఒక్క మాట రాసి ఫైలు తిప్పి పంపారు. ఆ అధికారి అడిగింది న్యాయమే. నేషనల్ హెల్త్ మిషన్‌లో రాష్ట్రాలు పంపే ఖర్చుల ప్రణాళిక (పీఐపీ)లో ఒక పద్దు లేకపోతే ఆయన రూపాయి కూడా ఖర్చు పెట్టలేడు. అదే ప్రతిపాదనను వృద్ధుల ఆరోగ్య సంరక్షణ జాతీయ కార్యక్రమం కింద, అప్పటికే ఉన్న శిక్షణ రోజుల్లో ఒక పూటగా మార్చి పెడితే ఆమోదం వచ్చింది. పీఐపీ ఎప్పుడు తయారవుతుంది, జిల్లాలో దాన్ని రాసేది ఎవరు, ఏ పద్దు కింద ఏముంది, ఇవి తెలుసుకోండి. పెద్ద సదస్సులో ఉపన్యాసం ఇచ్చినదాని కంటే, డిస్ట్రిక్ట్ ప్రోగ్రాం ఆఫీసర్‌తో కూర్చుని ఒక పేజీ రాసినప్పుడే నా పని ముందుకెళ్లింది.

ఇంకో సమస్య సర్టిఫికెట్లది. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలున్నాయి, డిమెన్షియా పేరు విడిగా లేదు. కానీ అందులో మానసిక అనారోగ్యం నిర్వచనంలో జ్ఞాపకశక్తి, దిశాజ్ఞానం దెబ్బతినడం కూడా ఉంది. ఆ దారిలో సర్టిఫికెట్ రావచ్చు. బోర్డులో కూర్చునే డాక్టరుకు ఇది తెలియకపోతే ఆ కుటుంబం ఉత్త చేతులతో తిరిగొస్తుంది. రేపు ఆ బోర్డులో కూర్చునేది మీరే కావచ్చు.

కొన్ని జాగ్రత్తలు. ఇంగ్లండు 2009లో జాతీయ డిమెన్షియా వ్యూహం తెచ్చింది. 2012లో ప్రధాని కామెరాన్ దాన్ని స్వయంగా భుజానికెత్తుకున్నాడు. రోగుల్లో మూడింట రెండొంతుల మందికైనా నిర్ధారణ జరగాలని లక్ష్యం పెట్టుకుని చాలావరకు అక్కడికి చేరారు. రాజకీయ నాయకత్వం తోడైతే ఎంత జరుగుతుందో చెప్పడానికి నేను ఈ ఉదాహరణే ఇస్తాను. అదే ఇంగ్లండు 2014లో, కొత్తగా నిర్ధారించిన ఒక్కో రోగికి ఫ్యామిలీ డాక్టర్లకు 55 పౌండ్లు ఇస్తామంది. డాక్టర్లే గట్టిగా వ్యతిరేకించారు, కొన్ని నెలలకే ఆ ఏర్పాటు ఆగిపోయింది. నిర్ధారణకు డబ్బిచ్చి ఆ తర్వాతి సంరక్షణకు ఇవ్వకపోతే, కుటుంబానికి మిగిలేది జబ్బు పేరు, దానితో పాటు టెన్షన్. మన దగ్గర స్క్రీనింగ్ క్యాంపులంటే అందరికీ ఉత్సాహమే. క్యాంపు పెట్టే ముందు, తేలినవాళ్లను ఎవరు చూస్తారో రాసిపెట్టుకోండి. ఆ జవాబు లేకపోతే క్యాంపు పెట్టకండి.

మందుల విషయంలోనూ నిదానం కావాలి. 2013లో లండన్‌లో జరిగిన జీ8 డిమెన్షియా సదస్సు, 2025 నాటికి జబ్బును నయం చేసే లేదా దాని గమనాన్ని మార్చే చికిత్స కావాలని లక్ష్యం పెట్టింది. అల్జీమర్స్ మందులైన లెకానెమాబ్‌కు 2023లో, డొనానెమాబ్‌కు 2024లో అమెరికాలో పూర్తి అనుమతి వచ్చింది. లెకానెమాబ్ ట్రయల్‌లో పద్దెనిమిది నెలల్లో క్షీణత 27 శాతం నెమ్మదించింది. కొందరికి మెదడులో వాపు, రక్తస్రావం వచ్చాయి. మందు మొదలుపెట్టాలంటే పెట్ స్కాన్ గానీ వెన్ను నీటి పరీక్ష గానీ ఉండాలి, తర్వాత మళ్లీ మళ్లీ ఎంఆర్ఐ తీయాలి. ఇది తక్కువ విజయమని నేను అనను, దశాబ్దాల శ్రమ ఫలితం అది. కానీ చెంగులో వంద నోటు ముడేసుకున్న ఆ పెద్దావిడ దాకా అది రావడానికి చాలా కాలం పడుతుంది. ఈలోగా జరగాల్సింది జిల్లా స్థాయిలో ఉంది. ల్యాబ్ వైపు వెళ్లేవాళ్లకు ఇంకో మాట. అల్జీమర్స్‌లో మెదడులో పేరుకునే అమిలాయిడ్ అనే ప్రొటీన్‌పై 2006లో నేచర్ పత్రికలో వచ్చిన, వేలమంది ఉటంకించిన ఒక పేపరును చిత్రాల్లో మార్పులు చేసినట్టు తేలడంతో 2024లో వెనక్కి తీసుకున్నారు. మీ బృందంలో చిన్న రీసెర్చ్ అసిస్టెంట్ కూడా "మేడమ్, ఈ అంకె సరిగా లేదు" అని భయపడకుండా చెప్పగలగాలి. అలాంటి వాతావరణం తయారుచేయడం కూడా లీడర్ పనే.

అధికారుల దగ్గర బాగా పనికొచ్చేది గిల్ లివింగ్‌స్టన్ నాయకత్వంలోని లాన్సెట్ కమిషన్ నివేదిక. 2017లో 9, 2020లో 12, 2024లో 14 ముప్పు కారకాలను అది గుర్తించింది. అన్నింటినీ తొలగించగలిగితే సిద్ధాంతరీత్యా 45 శాతం కేసులను నివారించడమో వాయిదా వేయడమో చేయొచ్చంటుంది. బీపీ, షుగర్, వినికిడి లోపం, చూపు, చిన్నప్పటి చదువు, ఇవన్నీ ఇప్పటికే ఏదో ఒక శాఖ చేస్తున్న పనులే కాబట్టి అధికారులు వింటారు. ఈ మాటను కుటుంబం ముందు మాత్రం ఆచితూచి వాడండి. మీరు షుగర్ చూసుకోలేదు కాబట్టే ఇలా అయింది అన్నట్టు వినిపిస్తే, అప్పటికే నలిగిపోయి ఉన్న కూతురు ఇంకా కుంగిపోతుంది.

జబ్బు ఉన్నవాళ్లనే ముందుకు తీసుకురావడం మన దగ్గర దాదాపు మొదలే కాలేదు. ఆస్ట్రేలియాకు చెందిన క్రిస్టీన్ బ్రైడెన్‌కు నలభైల వయసులోనే డిమెన్షియా నిర్ధారణ అయింది. 2003లో ఆమె అంతర్జాతీయ అల్జీమర్స్ సమాఖ్య బోర్డుకు ఎన్నికైంది, ఆ జబ్బు ఉన్నవాళ్లలో ఆమే మొదటిది. నా క్లినిక్‌లో తొలి దశలో ఉన్న ఒక రిటైర్డ్ టీచరు గారు, నేను ఆయన కొడుకుతో మాట్లాడుతుంటే, "డాక్టరు గారూ, కాస్త నాతో కూడా చెప్పండి, నాకింకా అర్థమవుతుంది" అన్నారు. అప్పటి నుంచి ముందు రోగితోనే మాట్లాడాలని మా టీమ్‌లో నియమం పెట్టాం. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, తనకు ఎలాంటి చికిత్స కావాలో ముందే రాసిపెట్టుకునే హక్కు ఇచ్చింది. తొలి దశలోనే ఆ మాట రోగితో ఎత్తండి.

ఇప్పుడు మీ కెరీర్ ప్రశ్నలకు వస్తాను. ల్యాబా, పబ్లిక్ హెల్తా అన్నది ఇప్పుడే తేల్చుకోనక్కర్లేదు. బెంగళూరు ఐఐఎస్సీలోని సెంటర్ ఫర్ బ్రెయిన్ రిసెర్చ్ కోలారు జిల్లా శ్రీనివాసపుర పల్లెల్లో వేల మందిని ఏళ్ల తరబడి అనుసరిస్తోంది. జన్యువులు, ఎంఆర్ఐ, ఊరి జీవితం అన్నీ ఒకే అధ్యయనంలో ఉన్నాయి. అది ఆంధ్ర సరిహద్దు ప్రాంతం, తెలుగు మాట్లాడేవాళ్లు చాలామంది ఉంటారు. వీలైతే కొన్ని రోజులు వెళ్లి చూడండి. ఎండీ అయ్యాక బెంగళూరు నిమ్హాన్స్‌లో జీరియాట్రిక్ సైకియాట్రీ, అంటే వృద్ధుల మానసిక వైద్యంలో డీఎం కోర్సు ఉంది. సువర్ణ గారు కూడా ఇప్పుడు నిమ్హాన్స్‌లోనే ఉన్నారు. విదేశాలకైతే, శాన్‌ఫ్రాన్సిస్కో, డబ్లిన్ కేంద్రాలుగా నడిచే గ్లోబల్ బ్రెయిన్ హెల్త్ ఇన్‌స్టిట్యూట్ అట్లాంటిక్ ఫెలోషిప్ చూడండి. పరిశోధన, విధానం, నాయకత్వం మూడూ కలిపి నేర్పుతారు, తర్వాత సొంత దేశంలో పనిచేయాలన్నదే దాని ఉద్దేశం. నా సలహా, ఇక్కడ కనీసం రెండు మూడేళ్లు రోగులను చూశాకే వెళ్లండి. అప్పుడు అక్కడ ఏం అడగాలో తెలుస్తుంది.

థీసిస్‌కు ఒక టాపిక్ సూచిస్తాను. ఇందాక చెప్పిన సీబ్యాక్ ఫారంలోని ఆ ఒక్క ప్రశ్ననే తీసుకోండి. మీ కాలేజీ ఫీల్డ్ ప్రాక్టీస్ ఏరియాలోని ఆశా వర్కర్లతో కలిసి, దానికి "అవును" అన్నవాళ్లందరినీ, "లేదు" అన్నవాళ్లలో కొందరినీ యాదృచ్ఛికంగా ఎంచుకుని ఐసీఎంఆర్ తెలుగు పరీక్షలతో చూడండి. "లేదు" అన్నవాళ్లను వదిలేయకండి, ఆ కోడలి లాంటివాళ్ల ఇళ్లు అక్కడే ఉంటాయి. చూసుకునేవాళ్లను పక్కకు పిలిచి, రోగి ఏ పని చేయలేకపోతున్నారు అని కాకుండా మీరు ఆమె కోసం ఏమేం చేస్తున్నారు అని అడగండి. ఎథిక్స్ కమిటీకి పంపేటప్పుడు, తేలిన ప్రతి రోగికీ మీ ఓపీలో ఏ రోజు చూస్తారో రాయండి. ఒక పీజీ చేయగలిగిన పనే ఇది, ఫలితం ఎటు వచ్చినా ఆ ఫారం నడిపే అధికారికి నేరుగా ఉపయోగపడుతుంది. మీ గైడ్ ఒప్పుకుంటే ప్రోటోకాల్ ఇక్కడ పెట్టండి. శాంపిల్ సైజు, ప్రశ్నల తెలుగు నేను చూసి చెప్తాను.